పది నిమిషాల స్కోలిన్, ఏడున్నర గంటల స్తంభన: పాలమూరు నుంచి ఒక కేసు

గొంతులో ఊపిరి ట్యూబ్ వేసేందుకు కండరాలను కాసేపు స్తంభింపజేసే మందు స్కోలిన్ (సక్సినైల్ కోలిన్). అది గంటల తరబడి దిగని ఒక రోగి కథ ఇది. రోగి వయసు 24, బరువు 58 కిలోలు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక మండల కేంద్రంలో కిరాణా దుకాణం నడుపుకునే ఆర్య వైశ్య కుటుంబం. ఊరు, తేదీ, గుర్తుపట్టే వివరాలు మార్చాం. మందుల మోతాదులు, గడియారం లెక్కలు మాత్రం కేసుకి ముఖ్యం కాబట్టి అలాగే ఉంచాం. రెండు రోజులుగా కడుపునొప్పి, వాంతులు, జ్వరం. స్కానింగ్‌లో అపెండిక్స్ పగిలినట్టు ఉంది. సాయంత్రం అర్జెంటు ఆపరేషన్. ఇంతకుముందు ఆపరేషన్లు లేవు, అలర్జీలు లేవు. మత్తుకు ముందు అడిగే ప్రశ్నల్లో "ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది అయిందా" అన్నదానికి కాగితం మీద "లేదు" అని టిక్కు పడింది. ఆ టిక్కు సంగతి తర్వాత.

కడుపు నిండుగా ఉన్న రోగి కనుక, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా ట్యూబ్ త్వరగా వేయాలి. మూడు నిమిషాలు ఆక్సిజన్, నొప్పికి ఫెంటానిల్ 100 మైక్రోగ్రాములు, నిద్రకి ప్రోపోఫాల్ 120 మి.గ్రా., వెంటనే స్కోలిన్ 75 మి.గ్రా., అంటే కిలోకి 1.3 మి.గ్రా. లెక్క. గొంతు దగ్గర క్రైకాయిడ్ మృదులాస్థిని నొక్కి పట్టి 8 సైజు ట్యూబ్ వేశారు. అప్పుడు టైము 7:10. పీల్చే మత్తు ఐసోఫ్లూరేన్ 1 శాతం మీద పెట్టారు. స్కోలిన్ దిగిపోయి రోగి కదిలితే కండరాలను వదులు చేసే మరో మందు ఎట్రాక్యురియం ఇద్దామని సిరంజిలో తీసి ఉంచారు. ఆ సిరంజి అవసరమే రాలేదు. "కడుపు మెత్తగుంది, బాగుంది" అని సర్జన్ సంతోషపడ్డారు. నిజానికి అనుమానం పుట్టాల్సింది అక్కడే. పది నిమిషాల్లో దిగిపోవాల్సిన మందు, మరో మందు ఇవ్వకుండానే గంటసేపు కడుపు కండరాలను వదులుగా ఉంచిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టు.

8:15కి కుట్లు పూర్తయ్యాయి, ఐసోఫ్లూరేన్ ఆపేశారు. 8:25కీ ఊపిరి లేదు. "ఫెంటానిల్ ఎక్కువైందేమో" అన్నది మొదటి మాట. కంటిపాప 3 మిల్లీమీటర్లు ఉంది, వెలుగుకి స్పందిస్తోంది; ఫెంటానిల్ పని అయితే సూదిమొనంత ఉండేది. ఊపిరిలో కార్బన్ డై ఆక్సైడ్ 36, ఉష్ణోగ్రత 36.1, షుగర్ 112, సోడియం పొటాషియం మామూలే. ఈలోగా నాడి 84 నుంచి 122కి, బీపీ 168/104కి పోయింది. కంటి చివర్ల నుంచి నీళ్లు కారాయి. ఒళ్లు స్తంభించి, మనసు మేల్కొన్న రోగి అలాగే కనిపిస్తాడు. భుజం తట్టి "ఊపిరి తీస్కో తమ్మీ" అని పిలుస్తూ పోయింది దాదాపు పది నిమిషాలు. కేసు మొత్తంలో జరిగిన అసలు పొరపాటు అది. ఊపిరి ఎందుకు రావట్లేదో తేలనంతవరకూ మత్తు ఆపకూడదు. ముందు నిద్రపుచ్చి, ఆ తర్వాత కారణం వెతకాలి.

పక్క థియేటర్ నుంచి నర్వ్ స్టిమ్యులేటర్ (నరానికి చిన్న షాకులిచ్చి కండరం కదులుతుందా అని చూసే పరికరం) తెచ్చి మణికట్టు దగ్గర అల్నార్ నరం మీద పెడితే నాలుగు షాకుల్లో ఒక్కదానికీ బొటనవేలు కదల్లేదు. 8:35కి కారణం తేలింది: స్కోలిన్ ఇంకా దిగలేదు. వెంటనే ప్రోపోఫాల్ ఇన్‌ఫ్యూజన్ మొదలైంది, 1 శాతం మందు గంటకు 20 నుంచి 25 మి.లీ. వెంటిలేటర్ మీద ఉంచి కళ్లు మూసి టేపు వేశారు, మోచేతుల కింద మెత్తలు పెట్టారు, మూత్రానికి గొట్టం వేశారు.

ఆ రాత్రి మూడు ప్రలోభాలు ఎదురయ్యాయి. మొదటిది నియోస్టిగ్మిన్. ఊపిరి రాకపోతే ఆ సూది ఇవ్వడం చేతికి అలవాటు. కానీ నియోస్టిగ్మిన్ కోలినెస్టరేజ్‌లు అనే ఎంజైమ్‌లను ఆపే మందు. స్కోలిన్‌ని విరిచే ఎంజైమ్ మిగిలి ఉంటే ఆ కాస్తని కూడా తొక్కేస్తుంది. స్టిమ్యులేటర్‌లో ఒక్క కదలికా లేని దశలో స్తంభన ఇంకా పొడుగవుతుంది. రెండోది ప్లాస్మా ఎక్కించడం. దాంట్లో ఎంజైమ్ ఉన్న మాట నిజమే, స్తంభన తగ్గొచ్చు కూడా. అయినా వెంటిలేటర్ చేతిలో ఉన్నప్పుడు పరాయి రక్తం ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు? పైగా మర్నాడు తీసే పరీక్షలో దాత ఎంజైమ్ కలిసి అంకె తప్పుగా వస్తుంది. మూడోది హైదరాబాద్ పంపడం. కండరం కదలని మనిషిని అంబులెన్స్‌లో ట్యూబ్‌తో నేషనల్ హైవే 44 మీద వంద కిలోమీటర్లు తీసుకెళ్తే, దారిలో ట్యూబ్ జారితే మళ్లీ ఊపిరి అందించడం చాలా కష్టం. ఇక్కడ కావాల్సింది వెంటిలేటర్, మత్తు, ఓపిక. మూడూ ఉన్నచోటే ఉండడం మేలు.

11:10కి మొదటి కదలిక. 12:40కి నాలుగు కదలికలూ వచ్చాయి, అయితే ఒకదాని కంటే ఒకటి చిన్నగా. స్కోలిన్ చాలాసేపు పట్టేసినప్పుడు కనిపించే ఫేజ్ 2 బ్లాక్ ఇది. నాలుగు కదలికలు కనిపించాయని ట్యూబ్ తీసేస్తే అరగంటలో మళ్లీ వేయాల్సి వస్తుంది. కదలికలన్నీ సమానమయ్యాక మత్తు తగ్గించి, 2:20కి తల ఎత్తి అయిదు సెకన్లు నిలపగలిగాడని, పళ్ల మధ్య పెట్టిన స్పాచులాని గట్టిగా పట్టుకున్నాడని చూసి, 2:40కి ట్యూబ్ తీశారు.

మర్నాడు పొద్దున అడిగితే రోగి చెప్పాడు: "అందరు పిలుస్తున్నది వినబడ్డది సార్. చెయ్యి లేపుదమంటే లేస్తలేదు. సచ్చిపోయిన్ననుకున్న." ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో దాచకుండా చెప్పారు. ఇలాంటి మెలకువను కలగా కొట్టిపారేస్తే రోగి నెలల తరబడి నిద్రలో ఉలిక్కిపడతాడు. ఆ మాటలు వింటున్న తల్లి అప్పుడన్నది: "మా తమ్మునికి గూడ గిట్లనే అయింది సార్, హెర్నియా ఆపరేషన్ల. తెల్లారిందాక మిషన్ మీదనే ఉంచిన్రు." మరి ముందురోజు ఎందుకు చెప్పలేదంటే, "మత్తుతోని ఇబ్బంది అయిందా అనడిగిన్రు. మా తమ్మునికి ఇబ్బందేం కాలె, మంచిగనే లేసిండు గద." తప్పు ఆమెది కాదు, ప్రశ్నది. "మీ ఇంట్ల గాని, మీ అమ్మగారింట్ల గాని, ఎవరికన్నా ఆపరేషన్ అయినంక తెలివి రావడం లేటయిందా? మిషన్ మీద పెట్టిన్రా?" అని అడిగితే జవాబు వచ్చేది.

ఇక ఎందుకు జరిగిందన్నది. స్కోలిన్ అణువు రెండు ఎసిటైల్ కోలిన్ అణువులను జంటగా అతికించినట్టు ఉంటుంది. నరం నుంచి కండరానికి ఆజ్ఞ మోసే ఎసిటైల్ కోలిన్‌ని అక్కడే కాచుకుని ఉన్న ఎసిటైల్ కోలినెస్టరేజ్ లిప్తలో విరిచేస్తుంది. ఆ ఎంజైమ్‌కి స్కోలిన్ లొంగదు. స్కోలిన్‌ని విరిచేది రక్తంలో తిరిగే దాని చుట్టం, బ్యుటిరైల్ కోలినెస్టరేజ్, కాలేయంలో తయారవుతుంది. మనం ఇచ్చే స్కోలిన్‌లో 90 శాతానికి పైగా కండరం చేరకముందే ఇది రక్తంలోనే తినేస్తుంది. కిలోకి 1 మి.గ్రా. పైన ఇస్తున్నామంటే ఆ నష్టాన్ని కలుపుకునే. ఎంజైమ్ లేని మనిషికి అదే మోతాదు పది రెట్ల దాకా ఎక్కువైనట్టు, పైగా దిగే దారీ లేనట్టు.

కోలుకున్నాక తీసిన రక్తంలో సీరం కోలినెస్టరేజ్ లీటరుకు 118 యూనిట్లు. ఆ ల్యాబ్ మామూలు రేంజి 5,300 నుంచి 12,900. ఎర్ర రక్తకణాల్లోని ఎసిటైల్ కోలినెస్టరేజ్ మామూలుగా ఉంది. ఆరు వారాల తర్వాత మళ్లీ చూస్తే సీరం అంకె 124. ఎర్రకణాల పరీక్ష, వారాల తర్వాత మళ్లీ చూడడం, ఈ రెండు జాగ్రత్తలూ పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో తప్పనిసరి. పత్తికి కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు ఈ ఎంజైమ్‌ని అణిచేస్తాయి. పొలంలో పురుగుమందు కొట్టి వచ్చినవాడికీ సీరం అంకె పడిపోతుంది, కాలేయం చెడినవాడికీ పడిపోతుంది, గర్భిణికి పావువంతు వరకూ తగ్గుతుంది. పురుగుమందు దెబ్బ అయితే ఎర్రకణాల ఎంజైమ్ కూడా పడుతుంది, వారాలు గడిచేకొద్దీ అంకె పైకి వస్తుంది. పుట్టుకతో లేనివాడి అంకె ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుంది.

తిరగేసి చూస్తే ఇంకో ప్రమాదం ఉంది. తెలివి తప్పి క్యాజువాలిటీకి వచ్చినవాడికి "పురుగుల మందు తాగిండేమో" అని కోలినెస్టరేజ్ పంపడం మన దగ్గర మామూలు. పుట్టుకతో ఎంజైమ్ లేనివాడైతే రిపోర్టు వందల్లో వస్తుంది, పురుగుమందుకి ఇచ్చే ఎట్రోపిన్ డ్రిప్ మొదలవుతుంది. కానీ పురుగుమందు గుర్తులేవీ ఉండవు: నోట్లో నురగ లేదు, చెమట లేదు, ఛాతీలో గురగుర లేదు, కంటిపాప చిన్నగా లేదు. ఇలాంటివాడికి ఎట్రోపిన్ ఎక్కిస్తే పిచ్చి పిచ్చిగా మాట్లాడి మంచం దూకుతాడు. ఎట్రోపిన్ మోతాదు ఛాతీ తడి చూసి నిర్ణయించాలి, ల్యాబ్ అంకె చూసి కాదు.

డైబుకైన్ నంబర్ పంపమని పుస్తకాలు చెబుతాయి. 1957లో కెలో, జెనెస్ట్ పెట్టిన పరీక్ష అది. ఎంజైమ్‌ని డైబుకైన్ ఎంత శాతం ఆపుతుందో చూస్తుంది. మామూలువాళ్లకి 80 దాకా, అటిపికల్ (తేడా ఉన్న) జన్యువు రెండు కాపీలూ ఉన్నవాళ్లకి 20 దాకా వస్తుంది. ఐరోపా వాళ్లకు పనికొచ్చే పరీక్ష. మన రోగిలో ఆపడానికి ఎంజైమే లేదు, ఇక శాతం దేనికి తీస్తారు? డబ్బు దండగ. దాని బదులు ఈ ఎంజైమ్‌ని తయారుచేసే, మూడో క్రోమోజోమ్ మీద ఉన్న బీసీహెచ్‌ఈ జన్యువు సీక్వెన్సింగ్‌కి పంపారు. వచ్చిన జవాబు: రెండు కాపీల్లోనూ ల్యూసిన్ అనే ఒక అమినో ఆమ్లం స్థానంలో ప్రోలిన్. 2006లో ఆర్య వైశ్యుల్లో తొలిసారి వర్ణించిన మార్పు ఇదే. పాత పేపర్లలో దీని స్థానం 307, కొత్త రిపోర్టుల్లో 335. కొత్త పద్ధతిలో ముందుండే 28 అమినో ఆమ్లాల తోకని కూడా లెక్కపెడతారు, మార్పు మాత్రం ఒకటే. ఈ తేడా తెలియక "మా వాడికి వేరే మ్యుటేషన్" అనుకునే కుటుంబాలుంటాయి.

ఈ మార్పు ఆర్య వైశ్యుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. ఒక్క కులంలో ఇంత ఎక్కువగా ఎందుకు? ఇక్కడ చాలామందికి సికిల్ సెల్ రక్తరోగం కథ గుర్తొస్తుంది: ఒక కాపీ ఉంటే మలేరియా నుంచి కాపు, అందుకే జన్యువు నిలిచింది. దాంతో ఈ జన్యువుకీ ఒక "లాభం" వెతికి పెట్టే ఉబలాటం కలుగుతుంది. శాకాహారులు కదా, కూరగాయల్లోని విషాలతో దీనికేదో లంకె అని ఒక కథ చెప్పుకోవచ్చు. ఆలుగడ్డలోని సొలనిన్ కోలినెస్టరేజ్‌ని ఆపుతుందన్న మాట నిజమే కాబట్టి కథకు రంగు కూడా వస్తుంది. కానీ ఆలుగడ్డ మన దేశానికి పోర్చుగీసుల తర్వాత వచ్చిన పంట. ఈ కులం మూలం అంతకు వెయ్యేళ్లకు పైగా ముందుది. పైగా ఎంజైమ్ ఉంటే మేలుగాని, లేకపోతే మేలెట్లా అవుతుంది? ప్రతి జన్యువు వెనకా ప్రకృతి ఎంపిక ఉండాలన్న పట్టుదల పరిణామ శాస్త్రం పేరుతో జరిగే పెద్ద పొరపాటు.

లాభం అక్కర్లేదు, నష్టం లేకపోతే చాలు. ఈ ఎంజైమ్ లేనివాళ్లు తింటారు, పరిగెత్తుతారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్లవుతారు. స్కోలిన్ ఆపరేషన్లలోకి వచ్చింది 1951 ప్రాంతంలో. అంతకుముందు ఈ లోపాన్ని పట్టుకునే పరీక్షే ప్రకృతి దగ్గర లేదు. ఎంపిక కంటికి కనపడని జన్యువు పెరగడం, తగ్గడం అదృష్టం మీద ఆధారపడుతుంది. గుంపు ఎంత చిన్నదైతే అదృష్టం పాత్ర అంత పెద్దది. కొద్ది కుటుంబాల్లో ఒకరి దగ్గర ఈ మార్పు ఉండి, ఆ కుటుంబాల సంతానమే తమలో తాము పెళ్లిళ్లు చేసుకుంటూ లక్షలకు పెరిగితే, ఆ ఒక్కరి కాపీ కూడా వాళ్లతోపాటే పెరుగుతుంది.

ఊహ కాదిది. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ నుంచి తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ నుంచి డేవిడ్ రైక్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో 25 సమూహాల నుంచి 132 మంది డీఎన్‌ఏ చూశారు. వైశ్యులు అందులో ఉన్నారు. వీళ్ల మూలంలో జనాభా బాగా కుంచించుకుపోయిన ఘట్టం ఒకటుందని, అది రెండు మూడు వేల ఏళ్ల నాటిదని, అప్పటినుంచీ బయటి రక్తం కలిసింది చాలా కొంచెమని తేలింది. 2013 నాటి మరో అధ్యయనం ప్రకారం భారతదేశంలో సమూహాల మధ్య విస్తృతంగా కలయిక జరిగిన కాలం 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం; ఆ తర్వాత తలుపులు మూసుకున్నాయి. 2017లో 260కి పైగా సమూహాలను చూస్తే 81 సమూహాల్లో ఇలాంటి కుంచింపు, జన్యురోగాలకు పేరుపడ్డ అష్కెనాజీ యూదుల కంటే, ఫిన్లాండ్ జనం కంటే గట్టిగా కనిపించింది. కనుక దీన్ని "కోమట్ల రోగం" అనుకునేవాళ్లు తమ కులంలో ఏం దాగుందో ఇంకా ఎవరూ వెతకలేదని గుర్తుపెట్టుకోవాలి. ఆర్య వైశ్యుల కులదేవత వాసవీ మాత గాథలోని 102 గోత్రాలతో ఈ కుంచింపుని ముడిపెట్టే మాటలు వినిపిస్తుంటాయి. ఆ గాథ కాలానికీ డీఎన్‌ఏ చెప్పే కాలానికీ మధ్య వెయ్యేళ్లకు పైగా తేడా ఉంది. గాథని గాథగానే ఉంచడం దానికీ మర్యాద, శాస్త్రానికీ మర్యాద.

గోత్రం సంగతి కుటుంబం అడిగింది. "మేం సగోత్రం చేస్కోం గద సార్, మరెట్ల వచ్చింది?" గోత్రం తండ్రి వైపు గీత ఒక్కదాన్నే చూస్తుంది. కులమంతా పంచుకున్న జన్యువుకి గోత్రం గోడ అడ్డం రాదు. మేనరికం ఆపితే సరిపోతుందా అంటే లెక్క వేయాలి. ఇవి ఉదాహరణ అంకెలు, సర్వే అంకెలు కావు. కులంలో దాదాపు పదిమందిలో ఒకరు వాహకులు (ఒకే కాపీ ఉన్నవాళ్లు) అనుకుందాం. బయటి సంబంధం, అదే కులం: పుట్టే పిల్లల్లో 400కి ఒకరికి రెండు కాపీలు. మేనరికం అయితే 183కి ఒకరు. అంటే రెట్టింపు కంటే కాస్త ఎక్కువ, అంతే. అదే జన్యువు వందమందిలో ఒకరి దగ్గరే ఉంటే, బయటి సంబంధంలో 40,000కి ఒకరు, మేనరికంలో సుమారు 3,000కి ఒకరు: పదమూడు రెట్లు. అరుదైన జన్యువులకి మేనరికం ముప్పు, కులంలో పాకిపోయిన జన్యువుకి కులం గోడే ముప్పు. టీవీ చర్చల్లో ఈ రెండింటినీ ఒకే గంపలో వేసి మాట్లాడతారు.

అయినా ఈ జన్యువు కోసం సంబంధాలు చెడగొట్టుకోవడం అర్థం లేని పని. ఇది రోగం కాదు. ఒక మందు మానేస్తే చాలు. జాతకాల పక్కన దీని రిపోర్టు పెట్టమనే సలహా ఇచ్చేవాళ్లు భయం అమ్ముకుంటున్నారు.

మరి మత్తు డాక్టర్ రోగి కులం అడగాలా? అడగడం అంటే రెండు విధాలా నష్టం. చెప్పనివాళ్లు తప్పిపోతారు, వేరే కులంవాళ్లలో ఉన్న ఇతర మార్పులూ తప్పిపోతాయి. చెప్పినవాళ్లు అనవసరంగా భయపడతారు. ఇంట్లో మిషన్ కథ ఉందా అన్న ప్రశ్న కులం కంటే గట్టి సమాచారం. దానికి తోడు, ముందే ప్లాన్ చేసిన ఆపరేషన్లకు తీసే రక్త పరీక్షల్లో కోలినెస్టరేజ్ చేర్చడం పెద్ద ఖర్చేం కాదు. అర్జెంటైతే స్కోలిన్ బదులు రోక్యురోనియం కిలోకి 1.2 మి.గ్రా.; ట్యూబ్ పడకపోతే దాని పని తిప్పడానికి సుగామడెక్స్ కిలోకి 16 మి.గ్రా. దగ్గరుండాలి, జిల్లా స్థాయిలో దాని ధరే అడ్డంకి. ఎట్రాక్యురియం, నాడి తగ్గించే ఎస్మొలాల్, నొప్పికిచ్చే రెమిఫెంటానిల్ వీళ్లకి ఇబ్బంది లేదు. కండరాలను వదులు చేసే మరో మందు మివాక్యురియం మాత్రం స్కోలిన్ లాగే పట్టేస్తుంది. అందరూ మరిచే చోటు మానసిక వైద్యంలోని కరెంటు షాకు చికిత్స: పొద్దున వచ్చి మధ్యాహ్నం ఇంటికి పోయే రోగులకి అక్కడ స్కోలిన్ రోజువారీ మందు, వెంటిలేటర్ మాత్రం చాలాచోట్ల గదిలో ఉండదు.

కుటుంబాన్ని పిలిచి రక్తం తీశారు. తండ్రి అంకె 4,900. తల్లిది 5,600, ల్యాబ్ "నార్మల్" అని రాసింది. కొడుక్కి రెండు కాపీలున్నాయంటే తల్లి తప్పనిసరిగా వాహకురాలే. అంటే వాహకులను ఈ అంకె పట్టదు, జన్యు పరీక్షే పట్టాలి. హెర్నియా ఆపరేషన్ మేనమామకి 102. రోగి అక్క ఏడో నెల గర్భిణి, ఆమెకి 94. గర్భంతో పావువంతు తగ్గడం వేరు, వందకి దిగడం వేరు. ఈమెకీ రెండు కాపీలే.

ఆమె చేసుకుంది ఆ మేనమామ కొడుకునే. తండ్రికి రెండు కాపీలు కనుక ఆ భర్త పరీక్ష లేకుండానే కనీసం వాహకుడు. పుట్టబోయే బిడ్డకి తల్లి నుంచి ఒకటి ఎలాగూ వస్తుంది, తండ్రి నుంచి రావడానికి కనీసం సగం అవకాశం. మామూలుగా స్కోలిన్ మాయ దాటి బిడ్డకి చేరేది చాలా తక్కువ. తల్లీబిడ్డలిద్దరికీ ఎంజైమ్ లేకపోతే బిడ్డ కూడా ఊపిరి లేకుండా పుట్టొచ్చు. ఆమె ఎంసీపీ (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాల) కార్డు అట్ట మీద ఎర్ర ఇంకుతో "స్కోలిన్ ఇవ్వరాదు" అని రాసి, అదే మాట ప్లాస్టిక్ కార్డు మీద అచ్చువేసి అందరి పర్సుల్లో పెట్టించారు. సిజేరియన్ వెన్నుకి బుపివాకైన్ సూదితో జరిగింది. ఆడపిల్ల, 2.9 కిలోలు. బొడ్డు రక్తం పంపుదామన్నారు గాని, పుట్టిన పిల్లల్లో ఈ ఎంజైమ్ ఎలాగూ పెద్దవాళ్లలో సగం దగ్గరే ఉంటుంది, ఆ అంకెని పెద్దవాళ్ల రేంజితో పోల్చి చదవడం కుదరదు. పాపకి ఏడాది నిండాక పరీక్ష పెట్టారు. అందాకా ఆమె పేరు మీద కూడా ఒక కార్డు ఉంది.